ఆటో దాకా వచ్చిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయిందని ఆమె క్లినిక్ పక్క మందుల షాపు అతను ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడు ఆఫీసు భవనం పైకప్పు మీద ఏసీ యంత్రాల దగ్గర ఉన్నాను. ఆ హోరులో మొదట వినబడలేదు. "నిద్రలనే పోయింది అన్నా. పొద్దుగాల లేవలే" అని మళ్లీ అన్నాడు. చేతిలో ఉన్న పని ముగించి కిందికి దిగాను. సగంలో వదిలేసి వచ్చానంటే ఆమె ఒప్పుకునేది కాదు.

ఖాజాగూడ పాత ఊరి సందులో ఆమెది చిన్న క్లినిక్. సర్కారు దవాఖానాలో పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చుంది. మేము అనంతపురం పక్క పల్లె నుంచి వచ్చినవాళ్లం. మా పాపకు ఆటిజం. మాట రాదు, కొత్త గుమ్మం దాటదు. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఆటో కడ్డీ పట్టుకుని దిగనంది. నేనొక్కణ్నే లోపలికి వెళ్లాను. ఏమైందని ఆమె అడిగితే, "మేడం, మా పాపకు ఆటిజం" అని మొదలుపెట్టాను.

"నేనది అడగలే. ఏమైందని అడిగిన."

"జరం మేడం. ఆటో దిగనంటాంది. ఎత్తుకోని వస్తా."

"ఎత్తుకొచ్చుడెందుకయ్యా? నాకు కాళ్లు లేవా?"

స్టెతస్కోపు మెడలో వేసుకుని బయటికి నడిచింది. వరసలో ఉన్న ఒకామె, "మేం పొద్దుగాల నుంచి కూసున్నం గద మేడం" అని గొణిగింది. "నీ కొడుకు ఏడ్సి చెప్తడు. ఆ పిల్ల చెప్పలేదు. జర ఆగు" అంటూనే ఆటో ఎక్కింది. పాపను తాకలేదు. స్టెతస్కోపు తన గుండె మీదే పెట్టుకుని తీరిగ్గా విన్నది. పాప చూసి చూసి చేయి చాపింది. అప్పుడు దాని చెవులకు పెట్టి, ముందు తన గుండె వినిపించింది. ఆ తర్వాతే పాప గుండె విన్నది.

మేం వెళ్లేటప్పుడు నాతో ఒక మాట చెప్పింది. "ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందుగాల నొప్పి చెప్పు. ఆటిజం సంగతి తర్వాత చెప్పు. ఆ పేరు ఇన్నంక కొందరు ఇగ పిల్లను సూడరు."

ఆ మాట బరువు తర్వాత తెలిసింది. పాప తిండి మానేసింది. పిడికిలితో చెంప మీద కొట్టుకునేది. దిండు కొరికేది. ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరు పాత కాగితాలు చూశాడు, కుర్చీలోంచి లేవలేదు. "ఇలాంటి పిల్లల్లో ఇది మామూలేనండి" అని నిద్రమందు రాశాడు. పాప నిద్రలో కూడా మూలిగింది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాం. ఆమె అడిగింది ఒకటే. "రెండు దిక్కుల కొట్టుకుంటదా, ఒక్క దిక్కేనా?"

నా భార్య తన చెంప మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "కుడిపక్కనే మేడం. ఎప్పుడూ కుడిపక్కనే."

"మరి మామూలు ఎట్లయితది?"

టార్చి పాప చేతికే ఇచ్చి, ముందు తన నోరు తెరిచింది. కట్టుడు పళ్లు ఊడదీసి మరీ చూపించింది. మాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది. పాప వంతు వచ్చింది. కుడి దవడ చివర పంటి చిగురు చీము పట్టి ఉబ్బి ఉంది.

మత్తిచ్చి పన్ను తీయాలి. పళ్ల ఆసుపత్రివాళ్లు సరేనన్నారు. కానీ వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులు చూసి పాప ఆటోలోనే ముడుచుకుపోయింది. "లోపలికి రాకపోతే కష్టం. నలుగురం పట్టుకుందామా?" అని నర్సు అడిగింది. నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. చేతికర్ర పట్టుకుని ఆమె వచ్చింది. వాచ్‌మన్ ఆటో తీయమని అరుస్తుంటే, "ఇప్పుడిది అంబులెన్స్ బిడ్డా" అని పక్కకు జరిపింది.

మత్తు డాక్టరు కుర్రవాడు. "బయట ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవండి మేడం" అన్నాడు.

"మత్తు మిషనుకు చక్రాలున్నయా?"

"ఉన్నాయండి."

"మంచానికి?"

"ఉన్నాయండి."

"నీకు కాళ్లున్నయి. ఇంకేంది ఫికర్?" తర్వాత గొంతు తగ్గించింది. "ఎక్కువేం అడుగుత లేను నాయనా. పంటినొప్పితోని వచ్చినోళ్లకు ఏం చేస్తరో అదే చెయ్యుండ్రి. గడప ఇవతల మొదలుపెట్టుండ్రి, అంతే."

అతను లోపలికి వెళ్లి పెద్ద డాక్టరుతో మాట్లాడాడు. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. మంచం, ఆక్సిజన్ సిలిండరు, మిషను తోసుకుంటూ నర్సులు ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. నా ఉద్యోగంలో పెద్ద పెద్ద యంత్రాలను క్రేనుతో మేడల మీదికి ఎత్తడం చూశాను. అప్పుడు కలగని అబ్బురం ఆ రోజు కలిగింది. ఒక ముసలామె కర్ర ఆనుకుని నిలబడి ఉంది. ఆసుపత్రి కదిలి ఆటో దగ్గరికి వస్తోంది. పాప తల్లి ఒడిలోనే తియ్యటి మత్తుమందు తాగి, నిద్రపోయి, మంచం మీద లోపలికి వెళ్లింది. ఎవరూ దాని చేతులు పట్టుకోలేదు.

సాయంత్రం దండం పెట్టి చెబుదామని ఫోన్ చేశాను. "తిన్నదా?" అంది. ఇంకా లేదన్నాను. "తిన్నంక చెయ్" అని పెట్టేసింది.

నిన్న శ్మశానం నుంచి ఇంటికి వచ్చేసరికి పాప బాల్కనీలో కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఇక లేదని చెప్పాం. ఏం అర్థమైందో తెలియదు. ఊరి నుంచి వచ్చిన వేయించిన శెనక్కాయలు ముందు పోసుకుని ఒక్కొక్కటే వొలుస్తోంది. కాయ చిట్లిన చప్పుడు, తర్వాత గింజ నమిలే చప్పుడు. కుడి దవడతోనే నములుతోంది.