టామ్ ఇంటి ముందు శిలాఫలకం

కరోనా ఆంక్షల వల్ల నేను ఐర్లండ్‌లోని అత్లోన్‌లో, డాక్టరుగా పనిచేస్తున్న మా అమ్మాయి ఇంట్లో చిక్కుకుపోయాను. సాయంత్రాలు పక్కింటి పెద్దాయన టామ్, నేను చెరోవైపు నిలబడి గోడ మీదుగా మాట్లాడుకునేవాళ్ళం.

ఒకనాడు ఆయన చిరాగ్గా ఉన్నాడు. వాళ్ళ తాతగారి తాత గుర్రం దొంగిలించి పట్టుబడితే, శిక్షగా ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపారట. ఆ ఖైదీ అక్కడ మేస్త్రీగా పైకొచ్చి, గవర్నరుకు భవనాలు, ఊళ్ళకు చర్చిలు కట్టాడట. అక్కడి అతని సంతతి ఇప్పుడు, ఒకప్పుడు అతనున్న ఇల్లు ఇదేనని, టామ్ ఇంటి ముందు అతని పేరుతో శిలాఫలకం పెడతామంటున్నారు.

దొంగకు శిలాఫలకమా అని నివ్వెరపోయాను. మా ఇళ్ళలో అలాంటివాడి పేరు పిల్లల ముందు ఎత్తరు. అయినా మర్యాదకు, "పాపం, ఏ తప్పూ చేసి ఉండడు," అన్నాను.

"చేశాడు రావ్. గుర్రాన్ని తోలుకుపోయాడు. ఆకలి, దానికేం?" అన్నాడు టామ్. "కానీ పెళ్ళాన్నీ పిల్లల్నీ ఇక్కడ వదిలేశాడు. ఆవిడ చచ్చిపోయిందని చెప్పి, తను కట్టిన చర్చిలోనే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి ఆవిడ ఇదే గుమ్మంలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతోంది."

"మరి వాళ్ళకేం చెప్పారు?" అని అడిగాను.

"పైన ఆవిడ పేరు చెక్కితేనే ఒప్పుకుంటానన్నాను. సరే, పేరు చెప్పమన్నారు."

టామ్ గోడ మీది నాచును గోటితో గీకాడు.

"మా ఇంట్లో ఎవరికీ తెలీదు రావ్. మాకు ఆయన పేరొక్కటే చెప్పారు."