ముక్కు వెనకాల మొదటి గోడ

ఓడలు కట్టే ఆ యార్డులో ఆమెని పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ సున్నం అక్క. పని అలాంటిది మరి. ఓడ లోపల అడ్డంగా నిలబెట్టిన ఇనుప గోడలకి, అతుకుల వెంబడి ఒకవైపు సున్నం పూస్తుంది. ఆరాక రెండోవైపు కిరసనాయిలు రాయిస్తుంది. అతుకులో వెంట్రుక మందం సందున్నా చాలు, కిరసనాయిలు పాకి వచ్చి తెల్లటి సున్నం మీద మచ్చ వేస్తుంది. ఆ మచ్చ చుట్టూ ఎర్ర సుద్దతో గీత గీసి, కాగితం మీద సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం.

"మా ఇంటికి కొట్టమంటే ఒక్కరోజూ రావు, ఇనుముకి మాత్రం రోజూ కొడతావేం అక్కా?" అని తోటివాళ్లు ఏడిపించేవారు.

"మీ ఇల్లు మునగదుగా" అనేది.

ఆ ఉద్యోగంలో పెట్టించింది అన్నయ్యే. అమ్మానాన్నలు పోయేనాటికి ఆమెకి ఎనిమిదేళ్లు, అతనికి పంతొమ్మిది. వంకరటింకరగా జడలు అల్లి బడికి పంపాడు, జ్వరమొస్తే పని మానుకుని పక్కన కూర్చున్నాడు. యార్డులో పేరున్న వెల్డరయ్యాక ఆమెనీ వెంట తీసుకొచ్చి, మొదటిరోజే సగం కట్టిన ఓడలోకి దింపాడు.

"వీటిని బల్క్‌హెడ్లంటారు. పైన డెక్కు బరువు మోస్తాయి. ఒక గదిలో నిప్పంటుకుంటే పక్క గదికి పోనివ్వవు. కానీ అసలు పని వేరు. ఓడకి చిల్లు పడకుండా ఎవడూ ఆపలేడు చెల్లీ. పడ్డాక ఆ నీళ్లు ఆ ఒక్క గదిలోనే ఉండిపోవాలి, అంతే. మిగతా గదులు ఓడని తేలుస్తాయి." ముందుకి తీసుకెళ్లి ఒక గోడ మీద అరచేయి వేశాడు. "అన్నిటికన్నా ముఖ్యం ఇది, ముక్కు వెనకాల మొదటి గోడ. దేన్నైనా గుద్దుకుంటే ముక్కు నుజ్జయిపోతుంది. ఆ తర్వాత జనానికి దిక్కు ఇదే."

ఆ మొదటి గోడని ఎప్పుడూ అతనే అతికేవాడు. పన్నెండేళ్లలో అతని అతుకు మీద ఒక్క మచ్చా రాలేదు.

ఆ వానాకాలంలో నాలుగొందలమంది ఎక్కే ఫెర్రీ ఒకటి తయారవుతోంది. ముందు గదిలో ఆమె ఒక్కతే మోకాళ్ల మీద కూర్చుని, అన్నయ్య అతికిన మొదటి గోడ మీది సున్నం వంక చూస్తోంది. కింది మూలలో పసుప్పచ్చగా ఒక చుక్క తేలింది. పక్కన ఇంకొకటి. కాసేపటికి మూడోది.

మనిషి పట్టేంత రంధ్రంలోంచి అన్నయ్య పాక్కుంటూ వచ్చాడు. "ఏంటింకా రాలేదు? అయిపోయిందా?"

"మచ్చలొచ్చాయన్నయ్యా. మూడు."

అతను గొంతు తగ్గించి, "తుడిచెయ్. పొద్దున్నే ఎవరూ రాకముందే వచ్చి మళ్లీ అతికేస్తా. మన మధ్యే ఉండిపోతుంది" అన్నాడు.

ఆమె గుడ్డ చేతిలోకి తీసుకుంది కూడా. ఎందుకో ఆగి, "ఎక్కడెక్కడో చూపించు" అంది.

అతను టార్చి దగ్గరగా పెట్టి వంగాడు. వేలు వెళ్లి మచ్చలకి జానెడు దూరంలో, తెల్లగా ఉన్న చోట ఆనింది. "ఇక్కడేగా?"

ఏడాదిగా అతను మెట్లు తడుముకుంటూ దిగడం, ఎదురుపడ్డవాళ్లని గొంతు విన్నాకే పలకరించడం, అన్నీ ఆమెకి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"నీకు కళ్లు కనపడట్లేదు."

"చేతులకి తెలుసే. నిన్ను పెంచిన చేతులివి."

ఆమె జేబులోంచి ఎర్ర సుద్ద తీసి మూడు సున్నాలు చుట్టింది. సుద్ద గీసుకుంటున్న చప్పుడు అతనికి వినిపించింది. వచ్చిన దారినే పాక్కుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత జరగాల్సింది జరిగింది. ఆ అతుకు వేరే వెల్డరు తీసి మళ్లీ వేశాడు. అన్నయ్యకి కళ్ల పరీక్ష చేయించారు, నయమయ్యే జబ్బు కాదన్నారు. స్టోరులో తొడుగులూ కళ్లద్దాలూ అందించే పనిలో కూర్చోబెట్టారు. నెల తిరగకుండానే అతను యార్డుకి రావడం మానేశాడు.

చెల్లెలితో మాట కూడా మానేశాడు. ఆమె ప్రతి ఆదివారం వెళ్లేది. గుమ్మంలో ఆమె గొంతు వినపడగానే అతను లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. వదిన టీ ఇచ్చి, "ఏమనుకోకమ్మా, ఆయన సంగతి నీకు తెలియందేముంది" అనేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ఫెర్రీ రెండేళ్లకోసారి రంగులకి యార్డుకొచ్చేది. ఆమె వెళ్లి దాని ముక్కు నిమిరి చూసేది. సొట్ట కాదు కదా, పెద్ద గీత కూడా ఉండేది కాదు. సంతోషించాలని తెలుసు. అయినా ఏదైనా గుద్దుకుని ఆ గోడ జనాన్ని కాపాడి ఉంటే బాగుండునన్న పాడు ఆలోచన వచ్చి, తన మీద తనకే రోత పుట్టేది.

పదో ఏడు అన్నయ్య మంచం పట్టాడు. వదిన కబురు పెడితే సున్నం చేతులతోనే పరుగెత్తింది. ఈసారి అతను లేవలేకపోయాడు. పక్కన కూర్చున్నది ఎవరో పోల్చుకుని, చాలాసేపటికి పెదవి కదిపాడు.

"ఆ ఓడ... ఎప్పుడైనా దేన్నైనా గుద్దుకుందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"లేదన్నయ్యా."

"చూశావా మరి" అని తల అటు తిప్పేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పోయాడు. అంతా అయ్యాక, వంటగదిలో వదిన ఆమె పక్కన చతికిలబడింది.

"నీతో మాట్లాడారుగా? ఏమన్నారు?"

"ఓడ సంగతి అడిగాడు."

"ఇంకేం అనలేదా?"

"లేదు వదినా. అంతే."