లంకెబిందెల ప్లీడరు గారు

మా ప్లీడరు గారు పోయారని గవర్నర్‌పేట నుంచి ఆయన గుమాస్తా ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. కోర్టు హాలు దద్దరిల్లేలా వాదించిన మనిషి ఇలా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోవడమేమిటని ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడ్చాను.

నా సీరియల్ నవల్లో లంకెబిందెల వాటా గుంత తవ్విన కూలీకి ఎందుకిచ్చానని మీలో చాలామంది అడిగారు. దానికి కారణం ఆయనే. కథలో నిధి దొరకాలి, చట్టం నాకు తెలియదు, అందుకని ఆయన్ని పట్టుకున్నాను. ఆఫీసుకి ఎవరొచ్చినా ముందు మజ్జిగ, ఆ తర్వాతే చట్టం. "కథలో దొంగ ఉండొచ్చమ్మా, తప్పుడు సెక్షను ఉండకూడదు" అనేవారు. చెవులు మందగించాక ఫోన్లో మాట్లాడితే అరుపే. నేనూ అరిస్తే తప్ప వినపడేది కాదు.

ఒక రోజు కొండపల్లిలో మా పెరట్లో సెప్టిక్ ట్యాంకుకి గుంత తవ్విస్తున్నాను. తవ్వేది సైదులు ఒక్కడే. నేను అరుగు మీద కూర్చుని ఫోన్ స్పీకర్ ఆన్ చేసి ఆయన్ని సందేహాలు అడుగుతున్నాను.

"నిధి దొరికితే దాచకూడదమ్మా! కలెక్టరుకి రాసివ్వాలి! దాస్తే జైలే!"

"తవ్వినవాడు కాజేస్తేనో?"

"వాడికీ జైలే!"

ప్రహరీ అవతల ఎవరు విన్నారో గానీ, సాయంత్రానికి గేటు ముందు జనం. మాకు స్థలం అమ్మినాయన కొడుకులు దిగి, ఆ బిందెలు తమ తాతవన్నారు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లేటప్పుడు సైదులు సంచి బరువుగా ఉందని ఇంకెవరో అన్నారు. అంతే, అతని కాలరు పట్టుకుని గోడకేసి నొక్కారు.

"ఎక్కడ పెట్టావురా?"

"నవల కోసం అడిగానండీ, ఏమీ దొరకలేదు!" అని నేను మొత్తుకున్నాను.

"మాకు కథలు చెప్పకండి మేడం" అన్నాడొకడు.

పోలీసుల్ని పిలిస్తే ముందు సైదుల్నే తీసుకెళ్తారని భయం. ప్లీడరు గారికే ఫోన్ చేశాను.

ఆయన ఆటో దిగేసరికి సైదులు పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆయన ఒంటి మీద కోర్టు నల్లకోటు అలాగే ఉంది. "నా గొంతు తెచ్చిన తంటా, నేనే తీరుస్తా" అని నాతో అని, తిన్నగా వెళ్లి ఆ కాలరు పట్టుకున్న చేతి మీద చెయ్యి వేశారు.

"బిందె కళ్లారా చూసిందెవరండీ? పేరు చెప్పండి, కలెక్టరుగారికి ఇప్పుడే అర్జీ రాస్తా. తాతదంటారా, తాత పాతిపెట్టాడని రుజువు చెయ్యాలి. రండి, ఎవరు సంతకం పెడతారు?"

"ముందు గుంత చూడాలి" అని వెనకనుంచి ఒక గొంతు. ఆయన ప్యాంటు పైకి మడిచి, డెబ్బై దాటిన వయసులో, ఆ గుంతలోకి దిగారు. మోకాళ్ల దాకా బంకమట్టి. "దిగండి బాబూ, వెతుకుదాం" అని పిలిచారు. ఒక్కరూ దిగలేదు. కాలరు మీది చెయ్యి నెమ్మదిగా జారింది.

నేను చెయ్యి అందించి పైకి లాగుతుంటే అడిగారు. "నీ కథలో నిధి ఎవరికిచ్చావమ్మా?"

"హీరోయిన్‌కండీ. ఇల్లు ఆమెదేగా?"

"పాతకాలం నిధి అయ్యి, హక్కుదారు ఎవరూ తేలకపోతే, స్థలం వాళ్లకి పావు వంతే. ముప్పావు కనిపెట్టినవాడిది. మరి గునపం పట్టిందెవరు?"

నా కథలో ఆ మనిషికి పేరే లేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

జనం సందు మలుపు దాకా జరిగారే గానీ ఇళ్లకి పోలేదు. సైదులు గేటు దాటడానికి భయపడి నిలబడిపోయాడు. ప్లీడరు గారు అతని చెయ్యి పట్టుకున్నారు. "నా క్లయింటండీ, దారివ్వండి" అంటూ ఆ మట్టికాళ్లతోనే జనం మధ్యలోంచి నడిచారు. సైదులు ఇంటి గుమ్మం ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు.