అద్దె పుస్తకంలో ఆఖరి కాగితం

రాజధాని కర్నూలుకొచ్చిన మరుసటి ఎండాకాలం. కొండారెడ్డి బురుజు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు నడిపే ఖాసిం సాయిబుకు, ఏ కొత్త నవల బాగుందో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది. డేరాల్లో కాపురమున్న గుమాస్తాలకు హత్యల నవలలు కావాలి. వాటిలో హంతకుడి పేరున్న చివరి కాగితాన్ని ఎవరో ఒకరు చింపేసేవారు. "చింపినోని చేతులు పడిపోను" అని సాయిబు రోజూ తిట్టుకునేవాడు.

బడిపంతులమ్మ వెంకటలక్షుమ్మకు మాత్రం ఊటీ విహారాల్లో పుట్టే ప్రేమకథలే కావాలి. ఊటీ ఎలా ఉంటుందో ఆమె ఎరగదు, సాయిబూ ఎరగడు. ఆ సాయంత్రం ఆమె పుస్తకం తిరిగిచ్చి బల్ల మీద కూలబడింది.

"ఎట్లుండాదమ్మా?"

"మంచూ వానా శానా బాగుండాయి సాయిబూ. కడాకు సెలవులైపోయి, మళ్ళీ ఎండల్లోకే వచ్చి పడతారు. అన్ని పుస్తకాలూ ఇంతే. తిరిగి రానోళ్ళ కత ఒగటన్నా లేదా?"

లేదని సాయిబుకు తెలుసు. అయినా నిన్ననే వచ్చిన ఊటీ నవల ఒకటి తీసి, ఆమె చూస్తుండగానే చివరి కాగితం మెల్లగా చింపి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది తీస్కపోమ్మా. దీంట్లో వాళ్ళు ఆడనే ఉంటారు."