తీగతో చేసిన అత్తయ్య

పెళ్లయి గుమ్మలక్ష్మీపురం వచ్చేసరికి నా యానిమేషన్ కోర్సులో చివరి ప్రాజెక్టు మిగిలిపోయింది. ఒక బొమ్మను తయారుచేసి, దాన్ని కొంచెం కొంచెంగా కదుపుతూ ఫొటోలు తీసి, వాటన్నిటినీ చిన్న సినిమాగా కూర్చాలి. ఎవరి బొమ్మ చేయాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. మా అత్తయ్య ఏఎన్ఎం. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని కొండ మీది ఊళ్లకు నడిచి వెళ్తుంది. ఆవిడ కొండెక్కడమే నా కథ అనుకున్నాను. కానీ కొత్త కోడల్ని, ఆ మాట ఆవిడతో చెప్పడానికి బెరుకు. చెప్పకుండానే మొదలుపెట్టేశాను.

అల్యూమినియం తీగను రెండు పేటలుగా మడిచి, ఒక కొస కిటికీ చువ్వకు కట్టి, రెండో కొసను డ్రిల్లుకు బిగించి తిప్పితే తాడులా పేనుకుంది. దాన్ని తుంచి చేతులు, కాళ్లు, వెన్ను కట్టాను. ఆ సాయంత్రం అత్తయ్య డ్యూటీ నుంచి వచ్చి, బల్ల మీద పడుకున్న తీగ మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

ఇక దాచి లాభం లేదు. "మిమ్మల్నే అత్తయ్యా," అన్నాను.

"ఓలమ్మో! నానింత సన్నంగున్నానేటి?"

"ఇవి ఎముకలే. పైన స్పాంజి చుట్టి చీర కడతాను."

"సుడితే సుట్టు గానీ మరీ ఎక్కువ సుట్టకు. ఊరోళ్లు నవ్వుతారు."

నా బెరుకు సగం అప్పుడే పోయింది. మర్నాడు ఆవిడే తన పాత చీర అంచు కత్తిరించి ఇచ్చింది.

బొమ్మ నిలబడింది గానీ నడవలేదు. అడుగు వేయిస్తే పోలీసు పరేడులా ఉంది. సరిచేద్దామని వంచీ వంచీ చూసేసరికి మోకాలి దగ్గర తీగ పుటుక్కున తెగింది.

"దీనికన్నా నా మోకాలే నయం," అని అత్తయ్య కూరలు తరుగుతూ నవ్వింది. "రేపు టీకాలున్నాయి. నాతో రా, ఎలా నడుత్తానో సూద్దువుగాని."

రోడ్డు ఆగిపోయిన చోట ఆటో దిగి, జీడితోటల మధ్య నుంచి ఎక్కడం మొదలుపెట్టాం. ముందు అత్తయ్య, వెనక ఫోనులో వీడియో తీస్తూ నేను. డబ్బా కుడి భుజానికి ఉంటే ఆవిడ ఎడమవైపుకి ఒరిగి నడుస్తోంది. నిటారు చోట్ల తొడ మీద చెయ్యి ఆన్చి లేస్తోంది. మాట మాత్రం ఆగడం లేదు, ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో చెబుతూనే ఉంది. నేను ఫోను చూస్తూ కాలి కింద చూసుకోలేదు. వానకి నానిన మట్టి మీద జర్రున జారి కూలబడ్డాను.

అత్తయ్య వెనక్కి తిరిగింది. ముందు డబ్బాను ఒక రాయి మీద జాగ్రత్తగా పెట్టి, ఆ తర్వాతే నాకు చెయ్యి అందించింది.

"నువ్వు పడితే లేత్తావు. ఇది పడితే మందులన్నీ పోతాయి," అంది. అన్నదే గానీ, ఊరు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి వీడియో చూశాను. నేను పడ్డాక ఫోను గడ్డిలో పడి తీస్తూనే ఉంది. వంకరగా పడిన ఆ దృశ్యంలో అత్తయ్య డబ్బా దించడం, చెయ్యి చాపడం కనిపించాయి. నాకు కావాల్సిన కథ అదేననిపించింది. తెగిన మోకాలికి కొత్త తీగ వేసి, రెండో బొమ్మ కూడా కట్టాను. దానికి నా చున్నీ ముక్కతో పంజాబీ డ్రెస్సు కుట్టాను. రెండు బొమ్మల అరచేతుల తీగలనూ ఒకదానికొకటి మెలిపెట్టాను. ఒంటరిగా అడుగు వేయిస్తే తూలిపోయే అత్తయ్య బొమ్మ, పక్కదాని ఆసరాతో కుదురుగా నిలబడింది. విడివిడిగా నడిపించడం కన్నా ఆ ఇద్దరినీ కలిపి ఎక్కించడమే తేలికైంది.

సినిమా పూర్తయింది, కోర్సూ అయింది. తర్వాతి నెల మళ్లీ ఆ ఊరికే వెళ్లాం. సూది వేయించుకుని ఏడుస్తున్న పిల్లల్ని తల్లులు సముదాయిస్తుంటే, అత్తయ్య ఫోను తీసి సినిమా పెట్టింది. అందరూ మూగారు.

"ముందున్నది నాను. ఎనకాల జారిపోతన్నది మా కోడలు."

"ఈ బొమ్మలు ఎవరు సేసినారు?" అని ఒక ముసలామె అడిగింది.

"ఆ జారిపోయిన గుంటే," అని అత్తయ్య నన్ను భుజం పట్టి ముందుకు లాగింది.