లవంగాల పాకం

యుద్ధం రోజుల్లో పంచదారకు కంట్రోలు వచ్చినప్పుడు మేం గుడివాడలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. పెళ్ళయి మూడేళ్ళయింది. ఆ వేసవిలో ఒకరోజు నా భార్య బెల్లం కాఫీ తెచ్చి ముందు పెట్టింది. మర్నాడూ అదే.

"పంచదార అయిపోయిందా?" అన్నాను.

"ఉందండి, దాస్తున్నాను. బావ వస్తానని రాశాడుగా. పాకం కాయాలి."

బావంటే ఆవిడ మేనమామ కొడుకు. దివిసీమలో వ్యవసాయం. నా సంబంధం రాకముందు వాళ్ళిద్దరికీ చేద్దామని పెద్దవాళ్ళు అనుకున్నారట. జాతకాలు కుదరక మానుకున్నారట. ఈ సంగతి మా పెళ్ళి పందిట్లోనే ఎవరో నా చెవిన వేశారు. ఆ మాట నేను ఎన్నడూ పైకి తీయలేదు, మర్చిపోనూ లేదు.

అతను రాసిన కార్డు నేనూ చదివాను. వాళ్ళమ్మ పోయి నాలుగు నెలలయిందని, ఇంట్లో ఏమీ తోచడంలేదని, ఒకసారి చూసిపోతానని రాశాడు. చివర, "ఆ పాకం కాసి ఉంచు" అని ఉంది. ఏ పాకమో చెప్పనక్కర్లేదన్నమాట. ఆ ఒక్క 'ఆ' నన్ను రెండు రోజులు తినేసింది.

ఆదివారం పొద్దున ఆవిడ పని మొదలుపెట్టింది. నేను వసారాలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నట్టు కూర్చుని వంటింట్లోకే చూస్తున్నాను. లవంగాలు, మిరియాలు, ఏలకులు, చిన్న శొంఠి ముక్క కచ్చాపచ్చాగా దంచి పల్చటి గుడ్డలో మూట కట్టింది. ఇత్తడి గిన్నెలో పంచదార, నీళ్ళు మరిగాక చెంచాడు పాలు పోసి, పైకి తేలిన మురికి తీసేసింది. అప్పుడు మూట వేసి సన్నసెగ మీద ఉంచింది. తీగపాకం రాకముందే దించి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండింది. ఇల్లంతా లవంగాల వాసన. చల్లారాక మందుసీసా కడిగి ఆరబెట్టి అందులో పోసింది. గిన్నెకు అంటుకున్నది కూడా వదల్లేదు.

"నాకెప్పుడూ చేసిపెట్టలేదే?" అన్నాను, మామూలుగా అన్నట్టే.

"మీరు షర్బత్తులు తాగనన్నారు కదండీ, కాపరానికొచ్చిన కొత్తలో."

అన్నాను, నిజమే. అయినా నా కోపం తగ్గలేదు.

గురువారం అతను రావాలి. బుధవారం సాయంత్రం ఆవిడ మంచినీళ్ళ బావికి వెళ్ళినప్పుడు ఆ సీసా ఉత్తరీయం కింద పెట్టుకుని మా హెడ్మాస్టరుగారింటికి తీసుకెళ్ళాను. ఆయన చాలా రోజులుగా దగ్గుతున్నారు. "మా ఇంట్లో చేసిందండీ, దగ్గుకు మంచిది" అని ఇచ్చాను. ఆయన భార్య ఎంతో సంతోషించారు. తిరిగొస్తుంటే నాకూ సంతోషంగానే ఉంది, అది దాచను.

అతను మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. పులిగడ్డ దగ్గర పడవ దాటి, బందరు దాకా పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నేననుకున్నంత అందగాడేం కాదు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుంటూ, "మాస్టారూ, శ్రమ ఇస్తున్నాను" అన్నాడు.

ఆవిడ అలమారు తెరిచి అరలన్నీ వెతికింది. నన్ను వంటింట్లోకి పిలిచి, "సీసా లేదండి" అంది.

"హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. దగ్గుతున్నారని."

ఆవిడ గట్టిగా మాట్లాడలేదు. "అది మా అత్తయ్య పాకమండి. బావకు జ్వరం తగిలినా, పొలం నుంచి వచ్చినా ఆవిడ అదే కలిపి ఇచ్చేది. వాళ్ళింట్లో ఇంకెవరికీ రాదు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు నాకు నేర్పింది. అమ్మ చేతి రుచి ఇంకెక్కడా దొరకదని రాశాడు" అంది. ఆ మాట కార్డులో లేదు. అంతకుముందు రాసిన ఉత్తరంలో ఉందట. దాన్ని నేను చదవలేదు.

పంచదార డబ్బాలో రెండు చెంచాలు కూడా లేదు. చెప్పులు వేసుకుని ఎండలో మళ్ళీ హెడ్మాస్టరుగారింటికి వెళ్ళాను. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం ఎలాగో తెలియక గుమ్మంలో నసిగాను. "బంధువు వచ్చాడండీ, కాస్త మిగిలి ఉంటే..." అన్నాను. ఆయన భార్య లోపలికి వెళ్ళి సీసా తెచ్చారు. సగం పైగా అయిపోయింది. "తీసుకెళ్ళండి బాబూ" అన్నారుగాని, నా మొహం వైపు చూడలేదు.

మా ఆవిడ కుండనీళ్ళలో కలిపి గ్లాసు ఇచ్చింది. అతను ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

కొంచెం తేరుకుని, "శొంఠి ఎక్కువ వేశావు. అమ్మ ఇంత వేసేది కాదు" అన్నాడు.

"ఇంతే వేసేది బావా. నీకు ఇంకాసిని నీళ్ళు పోసి ఇచ్చేది. నువ్వు చూడకుండా."

ఇద్దరూ నవ్వారు. నేనెన్నడూ చూడని ఒక వంటింటి గురించి చాలాసేపు వాదించుకున్నారు. గిన్నె ఇత్తడిదా కంచుదా, కిటికీ ఏ వైపుండేది, పిల్లి మూట ఎత్తుకుపోయింది ఏ ఏడు. నాకు సిగ్గేసింది. కాని అసూయ పోలేదు. ఇంతకుముందు అతని మీద ఉండేది, ఇప్పుడు ఆ వంటింటి మీదకు మళ్ళింది.

మూడోనాడు అతన్ని రైలెక్కించి వచ్చాక భార్యతో నిజం చెప్పాను. "దగ్గు కోసం ఇవ్వలేదు."

"తెలుసండి" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఒక రాయి తీసి పక్కన పడేసి, "అడిగితే చెప్పేదాన్నిగా" అంది.

అప్పుడు అడిగాను. ఆ అత్తయ్య ఎలా ఉండేది, ఏం మాట్లాడేది అని. చేటలో బియ్యం అయిపోయినా ఆవిడ లేవకుండా చెబుతూనే ఉంది. వింటున్నంతసేపూ మనసులో ఒక మూల, ఆ వేసవి సెలవులన్నిట్లో నేను లేకపోయానే అనిపిస్తూనే ఉంది.