నకలు తీయని ఇస్మాయిల్ భాయ్

ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట నాది సెల్‌ఫోన్ దుకాణం. ఇంటర్ మధ్యలో వదిలేశాను గానీ, చదివుంటే ఈపాటికి కామారెడ్డి నుంచి చంద్రుడి మీదికి బస్సు వేసి ఉండేవాణ్ణి. బావిలో వారం నానిన ఫోన్‌ను ఒక్క ఊదు ఊది బతికించాను. అందులో దూరిన కప్ప కూడా ‘హలో’ అన్నది. అలాంటి నాకు, పక్క దుకాణం ఇస్మాయిల్ భాయ్ కంప్యూటర్ మాత్రం లొంగలేదు.

భాయ్‌ది ఒకప్పుడు క్యాసెట్ల దుకాణం. రాయడం రానివాళ్లు ఆయన దగ్గర కూర్చుని టేపులో మాట్లాడి, గల్ఫ్ వెళ్లేవాళ్ల చేతికి ఆ క్యాసెట్ ఇచ్చేవాళ్లు. జవాబూ అలాగే వచ్చేది. బీడీలు చుట్టే భూమక్కకు మస్కట్ నుంచి భర్త పర్శరాములు పంపిన ఆఖరి క్యాసెట్ భాయ్ దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో టేపురికార్డరు లేక ఆమే దాచమంది. తర్వాత పర్శరాములు అక్కడే చనిపోయాడు. అప్పటికి కూతురు వినోద ఉయ్యాలలో ఉంది.

క్యాసెట్లకు బూజు పడుతుంటే భాయ్ ఆ గొంతులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎవరి ఫోన్‌లోనైనా వినిపించేలా నెట్‌లో ఒక పేజీ పెట్టాడు. ఎవడో దొంగ దూరి కొన్ని తుడిచేశాడు. ఆ దుఃఖంలోనే, ఆ వయసులో, వీడియోలు చూసి కంప్యూటర్‌ను నడిపే లినక్స్ నేర్చుకున్నాడు. కామారెడ్డి తుక్కు అంగడి నుంచి ఒక పాత సర్వర్ తెచ్చి, పేజీని అందులోకి మార్చి, సెలినక్స్ అనే కాపలా పెట్టాడు. ఇల్లు మనదే, తాళం మనదే, అయినా గడపలో నిలబడి ప్రతి వస్తువు మీదా ముద్ర చూసే గూర్ఖా అన్నమాట. ముద్ర నచ్చకపోతే యజమాని చెప్పినా వినడు.

ఎండాకాలంలో భూమక్క మంచం పట్టింది. కబురంపితే భాయ్ వెళ్లాడు, వెంట నేనూ.

“ఇస్మాయిలూ, ఒక్కపారి ఆయన గొంతు వినిపియ్యి. మా పోరి గూడ వినాలె. దానికి బాపు గొంతే ఎర్కలేదు.”

“రేపే వినిపిస్త అక్కా,” అన్నాడు భాయ్.

ఆ రేపు రాలేదు. తన ఫోల్డర్‌లోని పర్శరాములు గొంతును తీసి పేజీ ఫోల్డర్‌లో పెట్టాడు. పేజీ ‘అనుమతి లేదు’ అంది. ఆ ఫైలు తెరిచేందుకు లోకంలో అందరికీ అనుమతి ఇచ్చాడు. అయినా లేదంది. ఫోన్‌లో పేజీ తెరిచి అక్కడే కొత్తగా తన గొంతు రికార్డు చేసి పెడితే హాయిగా పలికింది. కాపలా ఎందుకు ఆపిందో రాసే చిట్టా తెరిస్తే, చీమల బారులాంటి అక్షరాలు. కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక్కో ముక్కా నెట్‌లో వెతికేవాడు.

కామారెడ్డి కంప్యూటర్ కోచింగ్ సెంటర్ శైలేందర్ సారును ఫోన్‌లో అడిగితే, “మేం మొదటి రోజే ఆ కాపలాను బంద్ చేస్తం భాయ్,” అన్నాడు.

“బంద్ చేస్తె మళ్ల దొంగ వడితె? ఎవల గొంతు వోతదో?” భాయ్ ఒప్పుకోలేదు.

ఆ సర్వర్‌కు స్పీకర్ తగిలించే రంధ్రం కూడా లేదు.

“ఒక నకలు తీసి నా ఫోన్‌ల ఎయ్యి భాయ్. నిమిషంల పని,” అన్నాను.

“నకలు తియ్య. క్యాసెట్ మీదికెల్లి క్యాసెట్ ఎక్కిస్తె గొంతు పలచవడుతది. జిందగీ అంత చూసిన గది. క్యాసెట్ బూజువట్టి పోయింది, ఉన్నది గీ ఒక్క గొంతే.”

“గది క్యాసెట్ భాయ్, గిది కంప్యూటర్.”

“ఇంటర్ ఫెయిలైనోనివి, నువ్వు జెప్తవా నాకు?”

“ఫెయిల్ గాలె. పరీక్షకే పోలె. పోతే ఆ పేపరే ఫెయిలయ్యేది.”

భాయ్ మళ్లీ తెర మీదికి వంగాడు.

ఒక మధ్యాహ్నం కామారెడ్డి ఆసుపత్రి నుంచి వినోద ఫోన్ చేసింది.

“కాకా, అవ్వకు సోయి లేదు. డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. గా గొంతు అయితదా, గాదా?”

భాయ్ కీబోర్డు దగ్గరికి జరిగాడు. ఎన్నడూ తీయనన్న నకలు, కళ్లు మూసుకుని, అక్కడే ఆ ఫోల్డర్‌లోనే తీశాడు. నా ఫోన్‌లో వేద్దామనుకునేలోపే, తన ఫోన్‌లో తెరిచి ఉన్న పేజీలో ఆ నకలు పేరు కూడా కనిపించింది. నొక్కాడు. పలికింది.

“ఏమే, పొల్ల పండుకుందా? మాటలొచ్చినయా? బాపు అనుమని టేపుల వట్టి పంపు...”

వినోదకు పేజీ చిరునామా పంపాం. తల్లి చెవి దగ్గర ఫోన్ పెట్టిందట. భూమక్క కళ్లు తెరవలేదు. సాయంత్రానికి ఊపిరి ఆగింది.

తర్వాత శైలేందర్ సారు విడమరిచాడు. ఒకచోటు నుంచి ఎత్తి ఇంకోచోట పెట్టిన ఫైలు పాత ఇంటి ముద్రతోనే వస్తుంది, కాపలా దాన్ని ఆపుతుంది. నకలైతే కొత్తచోటి ముద్రతో పుడుతుంది. భాయ్ అసలు, నకలు రెండు ఫైళ్లూ నాకు వినిపించాలని వాటి నకళ్లు తీసి, నా ఫోన్‌లో మార్చి మార్చి పెట్టాడు.

“జెరంత గూడ పలచవడలె రా,” అని తలపట్టుకున్నాడు.

దినాలయ్యాక వినోద దుకాణానికి వచ్చింది. భాయ్ కుర్చీ జరిపి ఫోన్ ఇచ్చాడు. చివరిదాకా విన్నది.

“కాకా, గిది మా బాపు గొంతేనా? అవ్వ ఉంటె చెప్తుండె.”

“అవును బిడ్డా,” అన్నాడు భాయ్.

ఆమె ఇంకోసారి పెట్టమంది.